మెత్తని షాఫ్ట్

గట్టిదా మెత్తదా అని షాపాయన మళ్ళీ అడిగాడు, చూస్తున్నానని నేను మళ్ళీ చెప్పాను, చూడ్డానికి ఏముంది, రెండు షటిల్ రాకెట్లూ నలుపే, రెండూ ఒకే పొడవు, రెండూ గోడ మేకులకి వేలాడుతున్నాయి, తేడా అంతా పిడికీ తలకీ మధ్యనున్న పుల్లలో ఉంది. ఆ పుల్లని షాఫ్ట్ అంటారు, అది వంగేదో కాదో వంచితే తప్ప తెలియదు. వంచాను. పిడిని ఎడమ చేత్తో పట్టుకుని తల కొసని కుడి అరచేత్తో తోశాను. మెత్తది వంగింది, వదలగానే వెనక్కి వచ్చింది. గట్టిది కదల్లేదు, కదిలింది నా భుజం, లోపల ఎక్కడో చురుక్కుమంది, నేను మొహం మార్చలేదు. మొహం మార్చకపోవడం ఉద్యోగం నేర్పింది. స్కానింగ్ గదిలో లైటు తగ్గించి, పొట్ట మీద జెల్ రాసి, ప్రోబ్ ఆనించి, ఊపిరి పీల్చండి, పట్టుకోండి, వదలండి అంటూ తెర వైపు చూస్తాను. పడుకున్నవాళ్ళు తెర చూడరు, నా మొహం చూస్తారు. ఏముందండీ అని అడుగుతారు. డాక్టర్ గారు చెప్తారండీ అంటాను. రాయి కనిపించినా, గడ్డ కనిపించినా, ఒక గుండె ఉండాల్సిన చోట రెండు గుండెలు కొట్టుకుంటున్నా అదే మాట, అదే మొహం, అదే గొంతు. కాగితం గుడ్డ ఇచ్చి తుడుచుకోమంటాను. వాళ్ళు తలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగి చూస్తారు, అప్పటికి నేను ప్రోబ్ తుడుస్తూ ఉంటాను.

ఫోన్ మోగింది. తెర మీద గవ్వ అని వచ్చింది. గవ్వ మా ఆడపడుచు, అంటే విడాకులు తీసుకున్న నా భర్తకి చెల్లెలు, ఇంట్లోవాళ్ళు చిన్నప్పుడు పెట్టిన ముద్దుపేరు అది, నేను ఆ ఇంట్లోంచి వచ్చేసేటప్పుడు తెచ్చుకున్నవాటిలో అదొకటి.

"వదినా, ఎక్కడున్నావ్?"

"షాపులో."

"ఇంకా షాపులోనేనా? మా అన్నయ్యని చూసుకున్నప్పుడు ఇంత ఆలోచించి ఉంటే బాగుపడేదానివి. పాత మోడలే తీసుకుని వచ్చెయ్యరాదా."

"అదే చూస్తున్నా."

"చెయ్యెలా ఉంది?"

"బాగానే ఉంది."

"బాగానే ఉందా, బాగుందా?"

"బాగుంది."

"సరే అయితే. సెక్రటరీ లీగ్‌కి జంటల పేర్లు అడుగుతున్నాడు. మా వదిన వచ్చాక ఇస్తానన్నాను. జిరాఫీ ఇక్కడిక్కడే తిరుగుతోంది, తొందరగా రా."

పెట్టేసింది. జిరాఫీ అంటే మేం ఆడే షటిల్ హాల్లో కొత్తగా చేరిన పొడుగమ్మాయి, బ్యాంకులో పని చేస్తుంది, వెనక లైను దగ్గర్నుంచి కొడితే షటిల్ అవతల నేలకి అతుక్కుంటుంది. ఆ పేరు గవ్వే పెట్టింది, ఎదురుగానే పిలుస్తుంది, ఆ అమ్మాయి నవ్వుతుంది, నవ్వకుండా ఉంటే నాకు కోపం తెచ్చుకోవడానికి వీలుండేది. తనకి జంట ఎవరూ లేక పక్కన కూర్చుని సీసాలో నీళ్ళు తాగుతూ మా ఆట చూస్తుంది. ఆ చూపు నాకు తెలుసు, షటిల్‌ని కాదు, నా భుజాన్ని చూస్తోందని అనుకుంటాను, అనుకుని ఆ షటిల్‌ని వలకి కొడతాను. బాగానే ఉందా, బాగుందా అని గవ్వ ఎందుకడిగింది? ఊరికే అడిగి ఉండదు. ఊరికే అడిగి ఉండొచ్చు కూడా, ఆమె ఉప్పు సరిపోయిందా అన్నా అలాగే రెండుసార్లు అడుగుతుంది.

పాత రాకెట్ మొన్న పోయింది. మా జంటలో వెనక కోర్టు నాది, నెట్ దగ్గర ఆమెది, మొదట్నుంచీ అంతే, ఆమె పొట్టిది, చురుకు, వల మీద పిల్లిలా కాపు కాస్తుంది, నేను వెనకనుంచి దించుతాను. మొన్న షటిల్ నా తల మీదకి లేచింది. నాది అని అరిచాను. నాది అంటే ఆమె ఇక అటు రాదు, తల కూడా తిప్పదు, మా మధ్య అదొక్కటే కట్టుబాటు. మొన్న వచ్చింది. రెండు రాకెట్లు గాల్లో గుద్దుకున్నాయి, నాది ఫ్రేమ్ దగ్గర చిట్లింది, ఆమెది గీసుకుపోయింది. సారీ వదినా, ఎందుకొచ్చానో నాకే తెలీదు అంది. ఎందుకొచ్చిందో నాకు తెలుసు. కొన్ని వారాలుగా నేను తల మీంచి బలంగా దించే స్మాష్ కొట్టడం లేదు. కొట్టినట్టే చెయ్యెత్తి, చివర్లో ఆపి, షటిల్‌ని వల అవతల జారవిడుస్తున్నాను, డ్రాప్ అంటారు దాన్ని. మొదట్లో అవతలివాళ్ళు ముందుకి ఉరికి బోర్లా పడ్డారు. మా వదిన ఇప్పుడు చేత్తో ఆడటం లేదు, బుర్రతో ఆడుతోంది అని గవ్వ హాలంతా చెప్పుకుంది, వాచ్‌మన్‌కి కూడా చెప్పింది. భయంతో ఆడుతున్నానని నా బుర్రకి మాత్రమే తెలుసు. ఇప్పుడు అవతలివాళ్ళకీ అలవాటైంది, జారవిడుస్తానని ముందే వచ్చి నిలబడుతున్నారు. గవ్వకి చెప్పింది ఎవరూ కాదు, ఆమె కాళ్ళు. మనిషి నమ్ముతూనే ఉంటుంది, కాళ్ళు వెనక్కి వచ్చేస్తాయి.

"ఆడవాళ్ళకి మెత్తదే కరెక్టండీ" అన్నాడు కుర్చీలో పెద్దమనిషి. గ్రిప్ చుట్టించుకోవడానికి వచ్చి చాలాసేపట్నుంచి కూర్చున్నాడు, నేను గమనించలేదు. "మా ఆవిడకీ అదే కొన్నాను."

"ఆడతారా ఆవిడ?"

"లేదండీ. దోమల్ని కొడుతుంది."

షాపాయన నవ్వాడు, ఆయనా నవ్వాడు, నేను గట్టిదాన్ని మేకు మీంచి దించాను. ఆ క్షణంలో కొనేసేదాన్నే, ఆ ఒక్క మాటకి, దోమలకి కాదని చూపించడానికి. పాతికేళ్ళ వయసు నుంచీ నా చేతిలో గట్టిదే ఉంది. గట్టిది చేతి వేగం తప్ప ఇంకేమీ అడగదు, వేగం ఇస్తే అనుకున్న చోట పెడుతుంది. వేగం లేకపోతే కర్రతో సమానం. "గట్టిదైతే మీరెంత పెడితే అంతే ఇస్తుంది మేడమ్" అంటున్నాడు షాపాయన, "మెత్తదైతే మీరు పెట్టినదాని మీద కాస్త కలిపి ఇస్తుంది. కాకపోతే ఎక్కడ వేస్తుందో దాని ఇష్టం. వెనక సందులో కొట్టి చూడండి, మాటలెందుకు." అద్దం తలుపు అవతల బస్సు ఆగింది, ముగ్గురు దిగారు, ఎదురు చెప్పుల దుకాణంలో ఒకావిడ ఒక కాలికి ఎర్రదీ ఒక కాలికి గోధుమరంగుదీ వేసుకుని అద్దంలో చూసుకుంటోంది, ఎంతసేపు చూసుకున్నా ఆమెనెవరూ అడగడం లేదు. బస్సు కదిలింది. ఆ బస్సే ఎక్కాల్సింది, హాలుకి వెళ్ళేది అదే.

సందులో రెండు వైపులా అట్టపెట్టెలు, చివర్న వల కట్టి ఉంది. షాపాయన నాలుగడుగుల దూరంలో నిలబడి షటిల్ పైకి వేస్తాడు, నేను వల మధ్యకి కొట్టాలి. గట్టిదాంతో మొదటిది కొట్టాను, వల వెనక్కి పోయి గోడకి తగిలింది, బాగుంది మేడమ్ అన్నాడు. రెండోదానికి చెయ్యి చెవి దాటి లేవలేదు. మూడోదానికి కళ్ళ ముందు తెర కదిలింది, మా స్కానింగ్ గది తెర. కొన్ని వారాల కిందట ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ పేషెంట్లు లేనప్పుడు మా జూనియర్‌ని పిలిచి నా భుజం చూడవే అన్నాను. చెయ్యి వెనక్కి పెట్టుకుని, వెనక జేబులో పర్సు తీస్తున్నట్టు కూర్చోవాలి, అలా కూర్చోమని నేను రోజూ ఎందరికో చెప్తాను, ఆ కుర్చీలో నేను కూర్చుంటే జెల్ ఎంత చల్లగా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆమె ప్రోబ్ ఆనించింది. నేను ఆమె మొహం చూశాను. అందరూ చూసినట్టే చూశాను. ఆ మొహంలో ఏమీ లేదు, నేను నేర్పిన మొహమే. ఏముందే అన్నాను. డాక్టర్ గారు చెప్తారండీ అంది, అలవాటు మీద, అనేసి నాలుక కరుచుకుంది, ఇద్దరం నవ్వాం, నవ్వుతూనే తెర చూశాను. ఎముక మీద తెల్లగా పట్టీ ఉండాల్సిన చోట నల్లగా సందు ఉంది. అలాంటి సందుల్ని ఎందరి భుజాల్లోనో కొలిచాను. దీన్ని కొలవమని ఆమెకి చెప్పలేదు, ఆమే కొలిచింది. ఆ తర్వాత డాక్టర్ చెప్పాడు. ప్రోబ్ నొక్కి నొక్కి కొంత, షటిల్ కొట్టి కొట్టి కొంత అన్నాడు. ఆడొచ్చా అంటే ఆడండి, తల మీంచి బలంగా కొట్టకండి, కొడితే ఇది పెద్దదవుతుంది, అప్పుడు కత్తి పెట్టాల్సొస్తుంది అన్నాడు. అంటే ఆడొచ్చు, నేను ఆడే ఆట తప్ప.

ఇంట్లో గాజుసీసాలు పై అర నుంచి కింది అరకి దిగాయి. దువ్వెన ఎడమ చేతికి వచ్చింది. రాత్రి కుడివైపు తిరిగి పడుకోను. ఒంటరిగా ఉండే ఇంట్లో ఇలాంటి మార్పులు ఎవరూ అడగరు, ఎవరికీ చెప్పక్కర్లేదు. గవ్వకి చెప్పే డాక్టర్ ఎవరూ లేరు, చెప్తే నేనే చెప్పాలి.

చెప్తే ఏమవుతుంది? కోర్టులో విడాకుల సంతకాలయ్యాక ఫ్రిజ్ ఆయన తీసుకున్నాడు, మంచం నాకొచ్చింది, పుస్తకాలు ఎవరివి వాళ్ళు ఏరుకున్నాం. వరసల్ని ఎవరూ పంచలేదు, అవి వాటంతటవే పోయాయి. పెద్ద బావగారు దారిలో కనిపిస్తే చెప్పులు చూసుకుంటూ వెళ్ళిపోతాడు. గవ్వ కొన్నాళ్ళు హాలుకి రాలేదు. నేను గోడకేసి కొట్టుకున్నాను, గోడ ఎప్పుడూ తిరిగి ఇస్తుంది. ఒకరోజు సాయంత్రం బ్యాగ్ తగిలించుకుని వచ్చింది, బెంచీ మీద కూర్చుని లేసులు బిగించుకుంది, కోర్టులోకి వచ్చి తన చోట తను నిలబడి, వదినా, సర్వీస్ నీదా నాదా అంది. నాది అన్నాను. విడాకుల గురించి మేమిద్దరం మాట్లాడుకున్నది అంతే. వాళ్ళమ్మ అడుగుతుందట, దాన్నింకా వదినా అంటావేంటే, అది మనకేమవుతుందని. అడిగిందని చెప్పింది కానీ తనేం జవాబిచ్చిందో చెప్పలేదు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. అంటే ఆ ఇంట్లో వదిన ఉండాల్సిన చోట ఇప్పుడు ఇంకో మనిషి ఉంది. ఆమెని ఏమని పిలుస్తున్నావని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. వచ్చినప్పుడల్లా షటిల్ అందుకుని సర్వీస్ చేశాను. జంట ఉన్నన్నాళ్ళు నన్ను పిలవడానికి ఆమెకి పని ఉంది, వారంలో మూడు సాయంత్రాలు ఉంది, నీళ్ళ సీసా ఇమ్మనడానికి ఉంది, లైను బయట పడిందా లోపల పడిందా అని అరవడానికి ఉంది. జంట పోయాక ఏం చెప్పి ఫోన్ చేస్తుంది? దారిలో కనిపిస్తే ఆగుతుంది. మర్యాదగల పిల్ల, ఆగుతుంది. బాగున్నారా అంటుంది. నువ్వు పోయి మీరు వచ్చిన రోజు, ఇక పంచుకోవడానికి ఏమీ మిగలదు.

"మేడమ్, ఇది కూడా చూడండి" అని మెత్తది చేతిలో పెట్టాడు. షటిల్ వేశాడు. నా చెయ్యి ఆగిపోయాక రాకెట్ తల వచ్చింది, అప్పటికి షటిల్ దాటిపోయింది, అట్టపెట్టె మీద పడింది. రెండోది వల పైకి పోయి దీపానికి తగిలింది. "తొందరపడుతున్నారు" అన్నాడు. తొందర నాది, రాకెట్‌ది కాదు. మూడోదానికి చెయ్యి సగమే ఎత్తాను, భుజాన్ని వదిలి మణికట్టు తిప్పాను, తిప్పి ఆగాను, ఊపిరి పట్టుకోండి అని పేషెంట్‌కి చెప్పాక తెర మీద బొమ్మ కుదిరేదాకా ఆగుతాను చూడండి, అలాగ. పుల్ల వంగడం అరచేతికి తెలిసింది, విడుదలవడం తెలిసింది. షటిల్ వెళ్ళి వల మధ్యలో పడింది. భుజం ఏమీ అనలేదు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ మధ్యలో పడింది, ఈసారి ఇంకాస్త పైన. దీన్ని స్మాష్ అని ఎవరూ అనరు. అవతలివాళ్ళ మధ్యకి పోతుంది, వాళ్ళు ఎత్తుతారు, ఎత్తింది మళ్ళీ నా తల మీదకే వస్తుంది, నేను నాది అని అరుస్తాను. అక్కడికొచ్చి ఆగిపోతున్నాను. ఏ రాకెట్ పట్టుకున్నా ఆ మాట దగ్గరికే వస్తున్నాను. నాది అంటే ఆమె ముందుకి చూస్తూ ఉండిపోవాలి, వెనక ఏం జరుగుతుందో చూడకుండా ఉండాలి. వారాలుగా ఆ మాట అబద్ధం. నేను చెప్పకుండా ఇంకెన్నాళ్ళు అరిచినా ఆమె పాదాలు వెనక్కి వస్తూనే ఉంటాయి, ఒకరోజు రాకెట్ నా రాకెట్‌కి కాక ఆమె నుదుటికి తగులుతుంది. లీగ్‌లో పది మంది ముందు తగులుతుంది.

"ఇదే ఇవ్వండి" అన్నాను.

"తీగ ఎంత బిగువు పెట్టమంటారు?"

"తక్కువ పెట్టండి. తగ్గించే పెట్టండి."

ఉన్న తీగ కత్తిరించేసి, మెత్తదాన్ని తీగ లాగే మెషీన్ మీద పడుకోబెట్టి నాలుగు వైపులా బిగించాడు. "నేను చెప్పలే?" అన్నాడు పెద్దమనిషి. నేను తలుపు పక్కకి వెళ్ళి గవ్వకి ఫోన్ చేశాను. ఎత్తింది. వెనక బూట్ల కీచులు, ఎవరో స్కోరు అరుస్తున్నారు.

"బయల్దేరావా?"

"గవ్వా, నా భుజం చిరిగింది."

"ఏంటి? గట్టిగా చెప్పు, వినపడట్లేదు."

గట్టిగా చెప్పాల్సి వచ్చింది, మెషీన్ కూడా ఆగి విన్నట్టనిపించింది. "భుజంలో కండని ఎముకకి పట్టి ఉంచేది చిరిగింది. స్కాన్ చేయించుకున్నాను. స్మాష్ ఇక రాదు. వెనక లైను నుంచి వెనక లైనుకి కూడా పంపలేను. మెత్త రాకెట్ తీసుకున్నాను."

"ఎప్పట్నుంచి?"

"కొన్ని వారాలైంది."

"అయితే ఆ డ్రాపులూ..."

"అందుకే."

"నేను వాచ్‌మన్‌కి కూడా చెప్పాను కదే తల్లీ" అంది. "నీ మొహం చూసి ఏదీ కనుక్కోలేం, దొంగమొహం."

"నేను ముందుకొస్తాను, నువ్వు వెనక ఆడు. అది కుదరదంటే జిరాఫీతో పేరిచ్చెయ్."

 అవతల ఎవరో ఆమెని దాటి పరిగెత్తారు, షటిల్ వలకి తగిలి జారినట్టుంది, అయ్యో అన్నారెవరో. చెప్పుల దుకాణంలో ఆవిడ రెండు జతలూ విప్పేసి ఉత్త కాళ్ళతో కూర్చుంది. నేను ఊపిరి పట్టుకునే ఉన్నాను, వదలమని చెప్పేవాళ్ళు లేరు.

"జిరాఫీతోనే ఇస్తాను" అంది గవ్వ.

"ఊఁ."

"నాకు ఈసారి గెలవాలని ఉంది. నేను వెనకాడితే ఇద్దరం కలిసి ఓడిపోతాం, ఆ సంగతి నీకూ తెలుసు."

"సరే."

"సరే అనకు. నువ్వు సరే అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా అన్నయ్య విషయంలోనూ ఇలాగే సరే అని సంచి సర్దుకుని పోయావు."

"మరేమనను?"

"ఏదో ఒకటి. తిట్టు."

"పొట్టిదానా."

"అది తిట్టా? అది కొలత."

"నమ్మకద్రోహీ. పొడుగు చూసి నన్ను వదిలేస్తావా."

"ఆఁ, ఇప్పుడు బాగుంది" అంది, ముక్కు ఎగబీల్చింది, జలుబో ఏమో. "ఆదివారం పొద్దున ఏం చేస్తావు?"

"బట్టలు ఉతుక్కుంటాను."

"తర్వాత ఉతుక్కో. హాలు ఖాళీగా ఉంటుంది. నువ్వటు, నేనిటు. ఆ మెత్తది ఏం చేస్తుందో చూస్తా."

ఎదురెదురుగా మేమెప్పుడూ ఆడలేదు. ఎప్పుడూ వలకి ఒకే వైపున్నాం, ఆమె సర్వీస్‌ని వెనకనుంచి చూశాను తప్ప అందుకోలేదు, అది ఎత్తుగా వస్తుందో కిందుగా వస్తుందో, వేసే ముందు కళ్ళు ఎటు తిప్పుతుందో నాకు తెలియదు. ఆమెకీ నా మొహం ఆటలో ఎలా ఉంటుందో తెలియదు. "భుజం మీద కొట్టకు" అన్నాను. "ఎక్కడ కొట్టాలో నాకు తెలుసులే" అంది. ఉంటాననలేదు, పెట్టెయ్యనూ లేదు, ఫోన్ బెంచీ మీద పడేసినట్టు టక్కుమని చప్పుడైంది, ఆ పైన అడుగులు, ఆ పైన జిరాఫీ గొంతు.

"ఎవరక్కా ఫోన్లో?"

"మా వదిన."

"వస్తున్నారా?"

"రాదు. భుజం చింపుకుని నాకు చెప్పకుండా దాచింది. ఆవిడ సంగతి ఆదివారం చూస్తా. నువ్వు రా, పేరు రాయించుకుందాం. వెనక ఉండేది నువ్వే, నాది అని అరిచావంటే అది నీదే, తర్వాత దిక్కులు చూడకు."

అడుగులు దూరమయ్యాయి. సెక్రటరీ ఏదో అన్నాడు, ఆమె ఏదో అంది, నవ్వారు, సర్వీస్ పడింది, షటిల్ అటూ ఇటూ పోవడం మొదలైంది. ఇటు మెషీన్ తీగని లాగి పట్టి ఉంచుతోంది. నాకు కళ్ళు మండుతున్నాయి, మొహం ఎలా ఉందో తెలియదు. పెద్దమనిషి లేచి తన కుర్చీ ఇటు తోశాడు. కూర్చున్నాను, ఫోన్ ఎడమ చెవికి మార్చుకున్నాను.

"ఫోనయిందా మేడమ్? గ్రిప్ ఏ రంగు వెయ్యమంటారు?" అన్నాడు షాపాయన.

"ఆగండి" అన్నాను, "ఇంకా ఆడుతున్నారు."